5 వాట్లతో కొండ మీద కూర్చుంటే పది మంది దొరకడం ఎందుకింత కష్టం?

కొండగాలి

హామ్ రేడియో (ఔత్సాహిక రేడియో) లైసెన్సు చేతికి వచ్చాక అపార్ట్‌మెంటు మేడ మీద యాంటెన్నా తీగ కట్టడానికి సంఘం వారు ఒప్పుకోలేదు. అందుకని ఆరుబయట, తక్కువ శక్తితో ప్రసారం చేయడమే నాకు మిగిలిన దారి అయింది. ఇప్పుడు అదే ఇష్టంగా మారింది. 5 వాట్ల సెట్టు, చిన్న లిథియం బ్యాటరీ, సంచిలో పట్టే టెలిస్కోపిక్ కడ్డీ యాంటెన్నా తీసుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లాను. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాటేదాకా మాటతోనే పిలిచాను. వినడానికి బ్యాండు (ఔత్సాహికులకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీ) నిండా జనం ఉన్నారు, స్పష్టంగా వినిపిస్తున్నారు, కానీ నా పిలుపుకు ఒకరిద్దరు మాత్రమే బదులిచ్చారు. 'పార్క్స్ ఆన్ ది ఎయిర్' పద్ధతిలో ఒక పార్కు నుంచి చేసిన ప్రసారం లెక్కలోకి రావాలంటే పది కాంటాక్టులు (పది స్టేషన్లతో ఇరువైపులా మాట కలవడం) కావాలి కదా. నేను కూర్చున్న చోటు ఆ జాబితాలో ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి, ఆ పదినే నేను కొలతగా పెట్టుకున్నాను. అంత దూరం మోసుకెళ్లి, అంత చక్కగా వింటూ కూడా ఎవరికీ వినిపించకపోవడం చాలా బాధగా ఉంది. లోపం 5 వాట్లలోనే ఉందా? పెద్ద సెట్టు కొనాలా?

డాలస్_తీగ

ఏ బ్యాండు మీద పిలిచారు? ఆ కడ్డీ పొడవెంత? నేల మీద తీగలు ఏమైనా పరిచారా? మీరు ఫలానా చోట ఉన్నారని ఎక్కడైనా ముందుగా తెలియజేశారా? ఇవి తెలియకుండా వాట్ల గురించి మాట్లాడటం వల్ల ప్రయోజనం లేదు.

కొండగాలి

ఎక్కువ సేపు 40 మీటర్ల తరంగం పొడవున్న బ్యాండు మీద, కాసేపు 20 మీటర్ల మీద పిలిచాను. కడ్డీ పూర్తిగా లాగితే దాదాపు 1.2 మీటర్లు ఉంటుంది, అడుగున కాయిల్ ఉంది. సెట్టుకు ఒక తీగ తగిలించి గడ్డి మీద పడేశాను. అక్కడ ఫోన్ సిగ్నల్ సరిగా లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

పాత_వాల్వు

కొండగాలి గారూ, మీ సెట్టు 5 వాట్లు ఇచ్చి ఉండవచ్చు కానీ, మీ యాంటెన్నా గాలిలోకి వదిలింది అంత కాదు. లెక్క చూడండి. 40 మీటర్ల మీద 1.2 మీటర్ల కడ్డీకి ఉండే రేడియేషన్ నిరోధం (శక్తిని తరంగంగా మార్చే భాగం) ఓమ్‌లో మూడో వంతు మాత్రమే. దానితో వరుసలో కాయిల్ నిరోధం, నేలలో పోయే నష్టం కలిపితే పది ఓమ్‌లు సులభంగా దాటుతాయి. అంటే వందకు మూడు పాళ్లు కూడా తరంగంగా మారలేదు, మిగిలినదంతా కాయిల్‌లోనూ గడ్డిలోనూ వేడిగా పోయింది. మీరు ప్రసారం చేసింది వాట్‌లో ఏడో వంతు లోపే. 20 మీటర్ల మీద అదే కడ్డీ కొంత నయం, అక్కడ పదో వంతు దాకా పోవచ్చు.

అదే సెట్టుకు 20 మీటర్ల పొడవున్న మామూలు తీగను, రెండు చివరలా కట్టి, నాలుగైదు మీటర్ల ఎత్తులో లాగి, అర తరంగ (40 మీటర్ల తరంగంలో సగం పొడవు) యాంటెన్నాగా వాడండి. 5 వాట్లలో చాలా భాగం నిజంగా పైకి వెళ్తుంది. పైగా అంత తక్కువ ఎత్తులో అడ్డంగా కట్టిన తీగ శక్తిని నిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొరలు, అంటే అయనావరణం, దాన్ని తిరిగి మన నెత్తినే కుమ్మరిస్తుంది. విజయవాడ, కర్నూలు, బెంగళూరు, నాగపూర్ వంటి ఊళ్లతో పగటిపూట మాట్లాడటానికి కావలసింది ఇదే. మీ కడ్డీ దీనికి సరిగ్గా వ్యతిరేకం: నెత్తి మీదికి దాదాపు ఏమీ పంపదు.

కొత్త_కాల్‌సైన్

అయితే 20 వాట్ల సెట్టు కొంటే ఆ నష్టం భర్తీ అవుతుంది కదా? నేను కూడా ఇప్పుడే కొనబోతున్నాను, అందుకే అడుగుతున్నాను.

పాత_వాల్వు

5 నుంచి 20 వాట్లకు వెళ్తే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే అవతలి వారి సెట్టులో సంకేతం బలాన్ని చూపే మీటరు మీద ఒక ఎస్ యూనిట్ (ఒక మెట్టు). 5 నుంచి 100కు వెళ్లినా 13 డెసిబెల్స్, రెండు ఎస్ యూనిట్లు దాటి కొంచెం. ఆ కడ్డీని తీసేసి తీగ కట్టడం వల్ల కొండగాలి గారికి 40 మీటర్ల మీద అంతకంటే ఎక్కువే కలిసి వస్తుంది. పెద్ద సెట్టుతో పాటు పెద్ద బ్యాటరీ కూడా కొండ ఎక్కించాలి. తీగ బరువెంత?

మోర్స్_ముచ్చట

పాత_వాల్వు గారు చెప్పిన యాంటెన్నా సంగతితో పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ మొదటి పోస్టులో ఇంకొక మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "స్పష్టంగా వినిపిస్తున్నారు, కానీ నాకు బదులు రావడం లేదు" అన్నారు. ఇది ఆరుబయట తక్కువ శక్తితో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే విషయం. కొండ మీద ఇన్వర్టర్లు, ఎల్ఈడీ దీపాలు, ఛార్జర్లు ఉండవు కాబట్టి మన రిసీవర్‌లో రొద దాదాపు ఉండదు, బలహీనమైన స్టేషన్ కూడా పక్కన కూర్చుని మాట్లాడినట్లు వినిపిస్తుంది. అవతలి మనిషి నగరం నడిమధ్య అపార్ట్‌మెంటులో ఉంటాడు, ఆయన మీటరు ఖాళీ బ్యాండు మీదే ఎస్6, ఎస్7 చూపిస్తూ ఉంటుంది. మన సంకేతం ఎస్5లో చేరినా ఆయన దృష్టిలో మనం లేనట్లే. కాబట్టి మనకు బాగా వినిపిస్తున్నవాళ్లను వెంబడించి పిలవడం కంటే, మన కోసం వెతుకుతున్నవాళ్లకు దొరికేలా ఒకచోట నిలబడి పిలవడం మేలు.

రెండో మాట: మాట కంటే మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) ఇరుకైన పట్టీలో వెళ్తుంది. 2400 హెర్ట్జ్ బదులు 500 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టుకుంటేనే రొద ఏడు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, అలవాటైన చెవి అంతకంటే ఇరుకుగా వింటుంది. మోర్స్ నేర్చుకుంటే 5 వాట్లు చాలా పెద్ద శక్తిగా అనిపిస్తాయి. తక్కువ శక్తివాళ్లు చేరే తావులు 7.030, 14.060 మెగాహెర్ట్జ్. అక్కడ నెమ్మదిగా పంపినా ఓపికగా వినేవారు ఉంటారు.

డాలస్_తీగ

నేను ఇక్కడ టెక్సాస్‌లో లైసెన్సు తీసుకున్నాను. పౌరసత్వంతో పని లేదు, వీసా మీద ఉన్నవారు కూడా పరీక్ష రాయవచ్చు. 2007లో మోర్స్ పరీక్ష తీసేశాక మా తెలుగువాళ్లలో కూడా చాలామంది రాశారు. వారాంతాల్లో సీడార్ హిల్ స్టేట్ పార్కులో చెరువు గట్టున కూర్చుంటాను. ఇక్కడ 10 మంది దొరకడం పెద్ద విషయం కాదు, ఎందుకంటే వినేవారి సంఖ్య ఎక్కువ. 2016లో అమెరికా జాతీయ పార్కుల సేవ శతాబ్ది సందర్భంగా ఇక్కడి ఔత్సాహిక రేడియో సంఘం ఏఆర్ఆర్ఎల్ ఏడాది పొడవునా జాతీయ పార్కుల నుంచి ప్రసారాలు జరిపించింది, పది లక్షలకు పైగా కాంటాక్టులు జరిగాయి. ఆ ఊపులోంచే ఇప్పటి 'పార్క్స్ ఆన్ ది ఎయిర్' పుట్టింది. పార్కులో కూర్చునేవారిని యాక్టివేటర్లు అంటారు, ఇంట్లో కూర్చుని వారిని వెతికేవారిని హంటర్లు అంటారు. హంటర్లు బ్యాండు అంతా తిప్పుతూ వెతకరు, ఆ కార్యక్రమం వెబ్‌సైటులో స్పాట్ (ఫలానా స్టేషన్ ఫలానా ఫ్రీక్వెన్సీ మీద ఉందన్న ప్రకటన) కనిపిస్తే ఆ ఫ్రీక్వెన్సీకి వచ్చి పిలుస్తారు. స్పాట్ లేకుండా పిలవడం అంటే ఊరికి దూరంగా దుకాణం తెరిచి బోర్డు పెట్టకపోవడం వంటిది.

ఫోన్ సిగ్నల్ లేని చోట ఒక మార్గం ఉంది. ముందు రోజే ఇంటి నుంచి మీ కార్యక్రమాన్ని వెబ్‌సైటులో నమోదు చేసుకోండి. కొండ మీదికి వెళ్లాక మోర్స్‌లో సీక్యూ (ఎవరైనా బదులివ్వండి అనే పిలుపు) పిలిస్తే, బ్యాండ్లను వింటూ ఉండే రివర్స్ బీకన్ నెట్‌వర్క్ రిసీవర్లు మీ కాల్‌సైన్‌ను (స్టేషన్ గుర్తింపు పేరును) వాటంతట అవే పసిగడతాయి, ఆ సమాచారం స్పాట్‌గా చేరుతుంది. మాటతో పిలిచేవారికి ఈ వీలు లేదు, వారు మొదట దొరికిన మనిషినే "దయచేసి నన్ను స్పాట్ చేయండి" అని అడగాలి. ఎవరూ కాదనరు.

ఇంకొకటి, రోజు లెక్క యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం. మాకు శీతాకాలంలో సాయంత్రం 6కే, వేసవిలో 7కే రోజు మారిపోతుంది, ఆరో ఏడో కాంటాక్టు దగ్గర ఉండగా తేదీ మారితే మళ్లీ మొదటి నుంచి మొదలు. మీకు తెల్లవారి 5:30కు మారుతుంది కాబట్టి పగలంతా, రాత్రంతా ఒకే రోజు. అదొక్కటి మీకు బాగా కలిసి వచ్చే విషయం.

కొండగాలి

ఈ రొద సంగతి నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. వినిపిస్తున్నారంటే వినపడతానని అనుకున్నాను. మరి ఇండియాలో హంటర్లు తక్కువ కదా, స్పాట్ పెట్టినా ఎవరు వస్తారు?

పాత_వాల్వు

సమయాన్ని బట్టి వస్తారు. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా 40 మీటర్ల మీద మన దేశపు స్టేషన్లు ఎక్కువగా ఉంటాయి. మీరు మొదలుపెట్టిన పది గంటలకు చాలామంది సెట్టు కట్టేసి పనుల్లోకి వెళ్లిపోతారు. ఆ తరువాత ఎండ ముదిరే కొద్దీ అయనావరణంలో కింది పొర తరంగాన్ని పీల్చేస్తూ ఉంటుంది, తక్కువ శక్తికి ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. సాయంత్రం నాలుగున్నర తరువాత 20 మీటర్ల మీద యూరప్ వస్తుంది, అక్కడ హంటర్లకు కొదవ లేదు. ఉదయం వేళ 15 మీటర్ల మీద జపాన్ వినండి. హైదరాబాద్ నుంచి టోక్యో ఆరు వేల కిలోమీటర్లు దాటుతుంది, అయినా జపాన్ వారికి ఈ పార్కుల కార్యక్రమం మీద ఎంత ఆసక్తి అంటే, మన సంకేతం పొగమంచులా ఉన్నా వదలరు. సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే ప్రస్తుత సౌరచక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో నాసా ప్రకటించింది. ఇప్పుడు వాలుదశ మొదలైనా పై బ్యాండ్లు (ఎక్కువ ఫ్రీక్వెన్సీవి) ఇంకా బాగానే ఉన్నాయి. ఈ రోజుల్లో 5 వాట్లతో ఖండాలు దాటకపోతే మళ్లీ ఏళ్ల తరబడి ఎదురుచూడాలి.

ఎనిమిది_టోన్లు

ఇంత శ్రమ ఎందుకు? ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ ప్రసార పద్ధతి పెట్టుకోండి. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే విడుదల చేసిన పద్ధతి ఇది. జో టేలర్ 1993లో భౌతిక శాస్త్రంలో నోబెల్ పంచుకున్న శాస్త్రవేత్త. 15 సెకన్ల వంతులు, 50 హెర్ట్జ్ వెడల్పు, రొద కంటే 20 డెసిబెల్స్ కింద ఉన్న సంకేతాన్ని కూడా విడమరుస్తుంది. ఆ కడ్డీతోనే మీకు పది మంది దొరికి ఉండేవారు.

మోర్స్_ముచ్చట

దొరుకుతారు, కాదనను. కానీ కొండ మీదికి వెళ్లి, తలపైకెత్తకుండా తెర వైపు చూస్తూ కూర్చోవడం కోసమే అయితే ఇంట్లోనే ఉండవచ్చు. కొండగాలి గారు మాటతో పిలిచి మనిషి గొంతు వినాలనుకున్నారు. ఆ కోరికను కొలమానాలతో కొట్టిపారేయకూడదు. నేను మోర్స్ వాడేది డెసిబెల్స్ కోసం మాత్రమే కాదు, అవతలి మనిషి చేతి తీరు వినిపిస్తుంది కాబట్టి.

ఎనిమిది_టోన్లు

నాకు మాటలో తడబాటు ఉంది, మోర్స్ కీ పట్టుకుంటే వేళ్లు వణుకుతాయి. ఎఫ్‌టీ8 లేకపోతే నేను ఈ రంగంలోనే ఉండేవాడిని కాదు. తెర ఒక నిమిషం చూస్తాను, మిగతా సమయం చెట్లను చూస్తాను. ఎవరి దారి వారిదని ఒప్పుకుంటే చాలు.

ఎఫ్‌టీ8 వాడదలచుకున్నవారికి ఆరుబయట ఒకే ఇబ్బంది ఉంది: గడియారం. ఒక సెకను పైన తేడా వచ్చిందంటే విడమరచడం కష్టమవుతుంది, ఫోన్ సిగ్నల్ లేని అడవిలో లాప్‌టాప్ గడియారం సరిదిద్దుకోవడానికి ఇంటర్నెట్ ఉండదు. చిన్న జీపీఎస్ రిసీవర్ యూఎస్‌బీకి తగిలించుకుంటే ఆ సమస్య తీరుతుంది.

మోర్స్_ముచ్చట

మీ విషయం తెలియక అలా రాశాను. మీరు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను.

వాడరేవు_తరంగం

అందరూ కొండల గురించే మాట్లాడుతున్నారు. ఒకసారి సముద్రపు ఒడ్డుకు రండి. ఉప్పునీటి విద్యుత్ వాహకత మామూలు నేల కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ. 5 మీటర్ల నిలువు తీగను గాజునార గొట్టానికి కట్టి, తడి ఇసుకలో పాతి, మోకాలి ఎత్తులో రెండు తీగలను రేడియల్స్‌గా (నేలకు బదులు పనిచేసే అడ్డ తీగలుగా) లాగితే 20 మీటర్ల మీద సంకేతం దిగంతానికి దగ్గరగా, చాలా తక్కువ కోణంలో వెళ్తుంది. చీరాల దగ్గర వాడరేవులో అల తగిలే చోట నుంచి పిలిచినప్పుడు, అదే సెట్టుకు ఊళ్లో ఎప్పుడూ పలకని స్టేషన్లు మొదటి పిలుపుకే పలికాయి. పాత_వాల్వు గారు నిలువు యాంటెన్నాను తక్కువ చేసి మాట్లాడారు కానీ, అది ఎక్కడ నిలబడిందన్న దాన్ని బట్టి కదా ఫలితం.

సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది, ఆ వైపుకు పోకపోవడమే మంచిది. ఇంటికి వచ్చాక కనెక్టర్లను, గొట్టాన్ని మంచినీటితో కడిగి ఆరబెట్టకపోతే ఉప్పు తినేస్తుంది.

పాత_వాల్వు

నేను అన్నది పొట్టి కడ్డీ గురించి, పావు తరంగం నిలువు తీగ గురించి కాదు. ఉప్పునీటి అంచున నిలువు తీగకు సాటి వచ్చేది లేదు. దగ్గరి ఊళ్లకు మాత్రం అది పనికిరాదు, అక్కడ నా అడ్డ తీగే గెలుస్తుంది.

ఆకుపచ్చ_దారి

నాకు రేడియో కొంతే తెలుసు, పక్షుల కోసం అడవుల్లో తిరుగుతూ ఉంటాను. ఇక్కడ అందరూ తీగ ఎలా కట్టాలో చెబుతున్నారు, దేనికి కట్టాలో ఎవరూ చెప్పలేదు. దయచేసి చెట్లకు సన్నని తీగలు, నైలాన్ తాళ్లు బిగించి లాగకండి, బెరడు కోసుకుపోతుంది. తాడు విసిరే ముందు కొమ్మల్లోకి పరిశీలనగా చూడండి. మన కొండల్లో పెద్ద చెట్ల మీద, రాతి అంచుల కింద తేనెపట్లు ఉంటాయి, ఆ పెద్ద తేనెటీగలు లేస్తే మీతో పాటు ఆ దారిన వచ్చే కుటుంబాలకు కూడా ప్రమాదం. గూళ్లు కట్టే కాలంలో కొమ్మల జోలికే పోవద్దు.

ఇంకా ముఖ్యమైన విషయం: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి పేరుకు పార్కులైనా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద జాతీయ ఉద్యానవనాలు. నడకకు టికెట్ ఇచ్చారంటే మాస్టు నిలబెట్టుకోవచ్చని అర్థం కాదు. అక్కడ ఏది చేయాలన్నా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి.

డాలస్_తీగ

ఆకుపచ్చ_దారి గారి మాటకు నా మద్దతు. ఇక్కడ కూడా చెట్లకు ఏదీ కట్టకూడదని నిబంధన పెట్టిన పార్కులు ఉన్నాయి. నేను మడత పెట్టే గాజునార గొట్టాన్ని బల్ల కాలికి కట్టి వాడుతున్నాను. తీగకు అక్కడక్కడా రంగు రిబ్బన్లు కడితే పిల్లలు తగులుకోరు.

చేను_గట్టు

మా పొలాల్లో పిట్టలను తోలడానికి వడిసెల వాడేవాళ్లం. ఇసుక నింపిన చిన్న సంచిని వడిసెలలో పెట్టి తిప్పి వదిలితే తాడు పదిహేను మీటర్ల కొమ్మను కూడా సునాయాసంగా దాటుతుంది. సొంత పొలంలోనో ఊరి బయట ఖాళీ స్థలంలోనో అయితే దీన్ని మించినది లేదు. పార్కులో మాత్రం వద్దు, జనం తిరుగుతూ ఉంటారు. గాజునార గొట్టం దొరకనివారు రెండు ఎండు వెదురు బొంగులు ఒకదానిలో ఒకటి దూర్చి వాడుకోవచ్చు. వాన తడిస్తే మాత్రం బొంగు మీద కరెంటు పాకుతుంది కాబట్టి తీగ చివర ప్లాస్టిక్ ముక్క తప్పకుండా ఉండాలి.

కొండగాలి

అనుమతి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అనంతగిరిలో ఒక కాపలాదారు వచ్చి, "ఇది ఏ యంత్రం, ఎవరితో మాట్లాడుతున్నారు?" అని గట్టిగా అడిగారు. లైసెన్సు చూపించినా నమ్మలేదు. అరగంట సేపు నిలబెట్టి, పైవారితో మాట్లాడి, చివరకు సామాను సర్దుకోమన్నారు. చట్టబద్ధంగా తీసుకున్న లైసెన్సు ఉండి కూడా దొంగలా నిలబడాల్సి రావడం మనసుకు కష్టం కలిగించింది.

పాత_వాల్వు

ఆయన స్థానంలో నిలబడి చూడండి. అదే జిల్లాలో దామగుండం అడవిలో నౌకాదళం జలాంతర్గాములతో మాట్లాడే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. అటువంటి ప్రాంతంలో తీగలు, బ్యాటరీ, హెడ్‌ఫోన్లతో కనిపించిన మనిషిని ఆయన అడగకపోతేనే తప్పు. విశాఖలో కూడా నౌకాదళ ప్రాంతాల దరిదాపుల్లో ఈ పని పెట్టుకోకూడదు.

వెళ్లే ముందు జిల్లా అటవీ అధికారికి ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. ఏ రోజు, ఏ చోట, ఎన్ని వాట్లు, ఏ బ్యాండ్లు, ఎన్ని గంటలు, చెట్లను ముట్టుకోబోమన్న హామీ రాయండి. లైసెన్సు నకలు జత చేయండి. లైసెన్సులో రాసిన చిరునామా కాకుండా వేరే చోటు నుంచి ప్రసారం చేసేటప్పుడు మీ షరతుల పత్రం ఏమంటున్నదో ఒకసారి చదివి, తెలియజేయవలసిన వారికి తెలియజేయండి. ముద్ర పడిన నకలు జేబులో ఉంటే కాపలాదారుతో సంభాషణ వేరుగా ఉంటుంది.

ఆయన "దీని వల్ల ఉపయోగం ఏమిటి?" అంటే చెప్పడానికి మన దగ్గర గట్టి సమాధానమే ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో ఔత్సాహిక ప్రసారాలకు వెళ్లి ఉన్నప్పుడే 26న సునామీ వచ్చింది. సరదాగా మొదలైన స్టేషన్ ఆ రోజు నుంచి సహాయ సమాచారం పంపే కేంద్రంగా మారింది. బ్యాటరీ మీద, తీగ ముక్కతో, తెలియని చోట స్టేషన్ నిలబెట్టడం ముందే చేతికి అలవాటై ఉంటేనే అటువంటి రోజున పనికి వస్తాం.

కొత్త_కాల్‌సైన్

డాలస్_తీగ గారూ, మీరు సెలవులకు వచ్చినప్పుడు మీ అమెరికా కాల్‌సైన్‌తో ఇక్కడ ప్రసారం చేయవచ్చా?

డాలస్_తీగ

లేదు. ఇక్కడి లైసెన్సు చూపించి నేరుగా అక్కడ ప్రసారం చేయడానికి వీలు లేదు, టెలికాం శాఖ నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. సెట్టు తీసుకురావడం కూడా కస్టమ్స్‌తో కూడిన పని. నేను వచ్చినప్పుడు స్నేహితుల స్టేషన్లలో కూర్చుని వింటాను, అంతే.

నాగర్‌కర్నూల్_వాసి

నల్లమలకు వచ్చేవారికి ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా వెళ్లే శ్రీశైలం రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను అనుమతించరు. సాయంత్రం యూరప్ బాగా వినిపిస్తున్నదని కూర్చుండిపోతే గేటు దగ్గర ఇరుక్కుంటారు. కోర్ ప్రాంతంలో ఆగి తీగలు కట్టే ఆలోచనే వద్దు. మన్ననూరు దగ్గర ఊరిలోనే బస చేసి, అక్కడి నుంచి ప్రసారం చేసుకోండి. ఊళ్లో కూడా రొద చాలా తక్కువ. కోతుల విషయంలో జాగ్రత్త. మెరిసే కనెక్టరును తినే వస్తువు అనుకుని లాక్కుపోతాయి.

సీమ_శబ్దం

మదనపల్లె వైపు వచ్చేవారు హార్సిలీ కొండ చూడండి. 1265 మీటర్ల ఎత్తు, పైదాకా రోడ్డు, ఉండటానికి పర్యాటక శాఖ గదులు. చలికాలం తెల్లవారుజామున నీలగిరి చెట్ల మధ్య మంచు దిగి ఉన్నప్పుడు 15 మీటర్ల బ్యాండు తెరుచుకోవడం వింటే మళ్లీ మళ్లీ రావాలనిపిస్తుంది. అయితే కొండ కొమ్మున సెల్ టవర్లు ఉన్నాయి, వాటి విద్యుత్ సరఫరాల నుంచి రొద వస్తుంది. టవర్లకు అవతలి వాలులో కూర్చుంటే తేడా వెంటనే తెలుస్తుంది. కింది బ్యాండ్లకు కొండ ఎత్తు పెద్దగా సాయం చేయదు కానీ, 2 మీటర్ల హ్యాండ్‌సెట్ ఉన్నవారికి అక్కడి నుంచి చాలా దూరం వినిపిస్తుంది.

కొత్త_కాల్‌సైన్

నా దగ్గర ప్రస్తుతానికి 5 వాట్ల హ్యాండ్‌సెట్ మాత్రమే ఉంది. దానితో పార్కులో చేయగలిగింది ఏమైనా ఉందా?

పాత_వాల్వు

ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఔత్సాహికుల రిపీటర్ (విన్నదాన్ని వెంటనే తిరిగి ప్రసారం చేసే పరికరం) ఉంది: 145.990 మెగాహెర్ట్జ్ మీద 67 హెర్ట్జ్ టోన్‌తో పంపాలి, 437.800 మెగాహెర్ట్జ్ మీద వినాలి. దూసుకుపోతూ ఉంటుంది కాబట్టి వినే ఫ్రీక్వెన్సీ రాకలో పది కిలోహెర్ట్జ్ పైకి, పోకలో పది కిందికి జరుగుతుంది, దాన్ని అంచెలుగా సరిచేసుకోవాలి. ఒకసారి నెత్తి మీదుగా వెళ్లడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఇంట్లో పాడైన ఇనుప కొలత టేపును ముక్కలు చేసి, పీవీసీ గొట్టానికి బిగించి చేత్తో పట్టుకునే యాగీ (ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) చేసుకోవచ్చు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద మన ఔత్సాహిక రేడియో ఉపగ్రహం హామ్‌శాట్ వెళ్లినప్పుడు నేను ఇటువంటి యాంటెన్నాతోనే దాన్ని విన్నాను. ఆ ఉపగ్రహం 2014లో ఆగిపోయింది, నేర్చుకున్న విద్య మాత్రం చేతిలో ఉంది.

సీమ_శబ్దం

తక్కువ శక్తి సెట్ల సంగతి వచ్చినప్పుడు మన హైదరాబాద్ పేరు చెప్పకపోతే ఎలా? అష్హర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ సెట్టు ఇక్కడే పుట్టింది. విదేశీ ఫెరైట్ కోర్లు దొరకకపోతే కుళాయి వాషర్ల మీద కాయిళ్లు చుట్టుకోవచ్చని చూపించి, మామూలు ట్రాన్సిస్టర్లతో 6 వాట్ల సెట్టు ఎలా కట్టుకోవాలో అందరికీ ఉచితంగా ప్రచురించారు. ఇప్పుడు ప్రపంచమంతటా పార్కుల్లో బిట్‌ఎక్స్ సంతతి సెట్లు వినిపిస్తున్నాయి. కొత్త_కాల్‌సైన్ గారు 20 వాట్ల కోసం ఆగకుండా దీనితో మొదలుపెట్టవచ్చు.

ఎనిమిది_టోన్లు

సొంతంగా కట్టిన సెట్టుతో మొదటి కాంటాక్టు వచ్చినప్పుడు కలిగే సంతోషం కొన్నదానితో రాదు. నాది కూడా బిట్‌ఎక్స్ సంతతిదే, ఎఫ్‌టీ8కు చక్కగా పనికి వస్తున్నది.

కొండగాలి

అందరూ చెప్పినదాన్ని బట్టి 20 మీటర్ల తీగ కొన్నాను. ఒక చివరే అందే వీలుంది కాబట్టి చివర నుంచి ఫీడ్ ఇచ్చే పద్ధతి అనుకుంటున్నాను. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలంటున్నారు. ఎఫ్‌టీ140-43 అనే ఫెరైట్ ఉంగరం కోరు దొరికింది. ఎన్ని చుట్లు చుట్టాలి? తీగను నేలకు ఎంత ఎత్తులో పెట్టాలి? ఈసారి అటవీ శాఖ పరిధిలోకి వెళ్లకుండా ఊరి బయట మిత్రుడి మామిడితోటలో ప్రయత్నిస్తాను. ఉత్తరానికి సమాధానం వచ్చాక కొండకు వెళ్తాను.

పాత_వాల్వు

అర తరంగం తీగ చివర నిరోధం దాదాపు రెండున్నర వేల ఓమ్‌లు, దాన్ని 50కి దించాలంటే 49కి 1 నిష్పత్తి కావాలి. చుట్ల లెక్కలో ఏడుకు ఒకటి. సెట్టు వైపు 2 చుట్లు, తీగ వైపు 14 చుట్లు వేయండి. సెట్టు వైపు చుట్ల మీద 100 పికోఫారడ్ కెపాసిటర్ పెడితే పై బ్యాండ్ల మీద మ్యాచింగ్ మెరుగవుతుంది. 5 వాట్లకు ఆ కోరు వేడెక్కనే వేడెక్కదు. కౌంటర్‌పాయిజ్‌గా (నేల కనెక్షనుకు బదులు) 2 మీటర్ల తీగ చాలు. ఇదే తీగ 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లన్నిటి మీదా పని చేస్తుంది, కాబట్టి ఉదయం 40తో మొదలుపెట్టి, ఆ తరువాత 15కు, సాయంత్రం 20కి మారవచ్చు. ఎత్తు నాలుగు మీటర్లు మించితే చాలు, మధ్యలో బొంగు నిలబెట్టి రెండు చివరలూ కిందికి వాల్చినా ఫరవాలేదు. తోట మీదుగా కరెంటు తీగలు పోతున్నాయేమో ముందు చూసుకోండి, వాటికి తీగ పొడవు కంటే ఎక్కువ దూరంలో ఉండండి.

మోర్స్_ముచ్చట

ఆదివారం ఉదయం ఏడున్నరకు 7.090 మీద వింటాను. ఈ వారం మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ రొద ఎక్కువగా ఉంది కాబట్టి పిలిచాక కాసేపు ఆగి, నిదానంగా మళ్లీ పిలవండి. మీరు వినపడగానే స్పాట్ నేను పెడతాను.

వాడరేవు_తరంగం

నేను కూడా ఉంటాను. 40 మీటర్లకు చీరాల నుంచి అడ్డ తీగే వాడతాను, పాత_వాల్వు గారు సంతోషిస్తారు.